ట్యూబులైటు కింద నాట్యం తీయాలంటే ఏ కెమెరా?

ప్రశ్న: మా ఆవిడ మేడ మీద హాల్లో కూచిపూడి నేర్పుతుంది. సాయంత్రం 6 దాటాకే క్లాసులు. ఎనిమిది మంది పిల్లలు, రెండు ట్యూబులైట్లు. ఫోన్‌తో తీసి యూట్యూబ్‌లో పెడుతుంటే మొహాలు నల్లగా, వెనక గోడంతా చీమలు పాకుతున్నట్టు వస్తోంది. షాపులో 50ఎక్స్ జూమ్ ఉన్న క్యామ్‌కార్డర్ చూపించి "దీనికి తిరుగుండదు సార్" అన్నాడు. బడ్జెట్ 60 వేల దాకా ఉంది. కొనేయమంటారా? – ఓ పాఠకుడు, తెనాలి

జవాబు: ఆగండి సార్, కొనకండి. 50ఎక్స్ జూమ్ క్రికెట్ గ్రౌండ్‌కి పనికొస్తుంది గానీ ఇరవై అడుగుల హాల్లో దాంతో మీకేం పని? పైగా జూమ్ చేసేకొద్దీ లెన్స్ లోపలికి వచ్చే వెలుతురు తగ్గిపోతుంది. లెన్స్ మీద ఎఫ్1.8–4.0 అని రాసి ఉంటే (ఈ అంకె పెరిగేకొద్దీ వెలుతురు తగ్గుతుంది), వైడ్‌లో, అంటే జూమ్ చేయకుండా ఉన్నప్పుడు 1.8, పూర్తిగా జూమ్ చేస్తే 4.0 అని అర్థం, అంటే వెలుతురు సుమారు ఐదో వంతుకి పడిపోతుంది. అందుకే మూలన కూర్చుని జూమ్ లాగే బదులు ట్రైపాడ్‌ని నాలుగడుగులు ముందుకు జరపండి, పైసా ఖర్చు లేని వైద్యం అది.

షాపువాడిని అడగాల్సింది సెన్సర్, అంటే లెన్స్ వెనక వెలుతురుని పట్టే చిప్పు, ఎంత అని. చవక క్యామ్‌కార్డర్లలో 1/5.8 అంగుళం అని ఉంటుంది, అది కందిగింజంత కూడా ఉండదు. కాస్త మంచివాటిలో 1/2.3 అంగుళం. ఆపైన '1 అంగుళం' అంటారు, పేరుకే అంగుళం, కొలిస్తే వెడల్పు 13 మిల్లీమీటర్లే, అయినా వైశాల్యంలో 1/2.3 దానికి నాలుగు రెట్లు, ఆ కందిగింజకి ఇరవై రెట్ల పైమాటే. వాన నీళ్లు పట్టడానికి గ్లాసు పెట్టామా గంగాళం పెట్టామా అన్నంత తేడా. సోనీ ఏఎక్స్700, కానన్ ఎక్స్ఏ50 లాంటి అంగుళం క్యామ్‌కార్డర్లు మీ బడ్జెట్‌కి అందవు. అదే సైజు సెన్సర్, ఎఫ్1.8 లెన్స్‌తో సోనీ జెడ్‌వీ-1 అనే చిన్న కెమెరా ఉంది, 24 మిల్లీమీటర్ల వైడ్ కాబట్టి ఎనిమిది మందీ ఫ్రేములో పడతారు. కొత్తది కుదరకపోతే వాడినది, తెలిసినవాళ్ల దగ్గర ఉంటే, చూడండి. దాని బ్యాటరీ గంట క్లాసుకి ఆగదు, పవర్ బ్యాంకు తగిలించుకోండి. 4కే జోలికి పోవద్దు, అంత చిన్న బాడీ వేడెక్కి మధ్యలో ఆగిపోతుంది.

ఎవరో ఒకరు "లెన్స్ మార్చుకునే మిర్రర్‌లెస్ కొను, సెన్సర్ ఇంకా పెద్దది" అంటారు. నిజమే, పెద్దదే. కానీ దాంతోపాటు వచ్చే కిట్ లెన్స్ ఎఫ్3.5 దగ్గర మొదలవుతుంది, సెన్సర్ వల్ల వచ్చిన లాభమంతా అక్కడే హరించుకుపోతుంది. ఎఫ్1.4 లెన్స్ విడిగా కొంటేనే ఆ మాటకి అర్థం, దానికి మళ్లీ వేలకు వేలు.

ఇప్పుడు అసలు సంగతి. బడ్జెట్‌లో ఐదారు వేలు ముందు లైట్లకి తీసి పక్కన పెట్టండి, కెమెరా మిగిలినదాంతోనే. మా అక్క కూతురి ఓణీల ఫంక్షన్‌కి కొత్త కెమెరా ఉందన్న ధీమాతో లైట్ల సంగతే పట్టించుకోకుండా వెళ్లాను. చీకటిగా ఉందని కెమెరా తనంతట తాను షట్టర్ వేగాన్ని 1/25 సెకనుకి దించేసింది, అంటే ఒక్కో ఫ్రేముకి అంతసేపు వెలుతురు పట్టింది, ఇంటికొచ్చి చూస్తే అక్షింతలు వేసే చేతులన్నీ పొగలా ఉన్నాయి. మా అక్క ఇప్పటికీ దెప్పుతుంది. నాట్యంలో ఇది ఇంకా ఘోరం, పతాక ముద్ర పట్టిన చెయ్యి తిరిగిందంటే వేళ్లు ఎన్నో లెక్క తెలియదు. కాబట్టి ఆటో లో-లైట్ మోడ్ ఆపేసి షట్టర్ 1/100 దగ్గర బిగించండి. అప్పుడు తగ్గే వెలుతురుని లైట్లతో పూడ్చాలి.

పైకప్పు ట్యూబులైటు కళ్ల కింద నీడ వేస్తుంది, దాన్నే నమ్ముకోవద్దు. రెండు ఎల్ఈడీ ప్యానెళ్లు స్టాండ్ల మీద పెట్టి, కెమెరాకి అటొకటి ఇటొకటి, పిల్లల తల కంటే కొంచెం ఎత్తులో నిలబెట్టండి. చిన్న లైటుని దూరంలో సగానికి దగ్గర చేస్తే వెలుతురు నాలుగింతలవుతుంది. కళ్లు జిగేల్మంటున్నాయని పిల్లలు గొడవ చేస్తే లైట్లని తెల్లటి గోడ వైపు తిప్పి, తిరిగొచ్చే వెలుగు వాడుకోండి. ఒకటి తెల్లది, ఒకటి పసుపుది మాత్రం కలపకండి, సగం మొహం కామెర్లొచ్చినట్టు ఉంటుంది.

ఆ చీమల సంగతి. వెలుతురు చాలనప్పుడు కెమెరా సిగ్నల్‌ని సాగదీస్తుంది, ఆ చుక్కలు అలా వస్తాయి. యూట్యూబ్ వీడియోని నొక్కి చిన్నది చేసేటప్పుడు ఆ చుక్కల్ని కూడా కదలికే అనుకుని డేటా అంతా వాటికే ఖర్చు పెడుతుంది, పిల్లల మొహాలకి మిగిలేది తక్కువ. ఇంట్లో టీవీలో బాగున్న వీడియో నెట్‌లో పెట్టగానే పాడైపోవడానికి కారణం అదే. 1080పి, 50 ఫ్రేములకి యూట్యూబ్ చెప్పే లెక్క 12 ఎంబీపీఎస్ (సెకనుకి 12 మెగాబిట్ల డేటా), అంతకంటే ఎక్కువలోనే అప్‌లోడ్ చేయండి, తక్కువలో వద్దు.

నట్టువాంగం, పాట వినిపించాలి కాబట్టి మైకు జాక్ ఉందో లేదో కూడా చూసుకోండి. చవక క్యామ్‌కార్డర్లలో చాలావాటికి అది ఉండదు.

ప్రశ్న: మా తమ్ముడు అమెరికా నుంచి క్యామ్‌కార్డర్ తెచ్చాడు. పగలు బాగానే ఉంది. రాత్రి లైట్ల కింద తీస్తే నల్లటి పట్టీలు పాకుతున్నాయి. పాడైందా? – ఓ పాఠకురాలు, కరీంనగర్

జవాబు: కెమెరా బాగానే ఉందమ్మా, టెన్షన్ పడకండి. తేడా అక్కడి కరెంటుకీ ఇక్కడి కరెంటుకీ ఉంది. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. మన లైట్లు చాలావరకు సెకనుకి 100 సార్లు మిణుకుతాయి, కంటికి తెలియదు గానీ 1/60 షట్టర్ దగ్గర నడిచే కెమెరాకి దొరికిపోతాయి. మెనూలో ఎన్‌టీఎస్‌సీ (అమెరికా వీడియో పద్ధతి) బదులు పాల్ (మన పద్ధతి) అని మార్చే వీలుంటే మార్చండి. కార్డు ఫార్మాట్ చేయమంటుంది, ముందు వీడియోలు దింపేసుకోండి. ఆ ఆప్షన్ లేకపోతే షట్టర్‌ని మాన్యువల్‌లో 1/100కి పెట్టండి, పట్టీలు పోతాయి. అప్పటికీ పోకపోతే లైటుదే తప్పు. చవక ఎల్ఈడీ బల్బు తీసి వేరేది వేసి చూడండి.