డైటీషియన్లకు సోషల్ మీడియా నిజంగా ఎంతవరకు పనికొస్తుంది?

ఎమ్మెస్సీ న్యూట్రిషన్ అయిపోవస్తోంది, ఉద్యోగంతో పాటు ఛానల్ కూడా పెట్టాలా, సీనియర్లు సోషల్ మీడియాను ఎలా వాడుతున్నారు అని మీరు అడిగారు. నేను హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో డైటీషియన్‌ని, సాయంత్రాలు సొంతంగా కన్సల్టేషన్లు చూస్తాను. యూట్యూబ్, ఇన్‌స్టా రెండూ ఉన్నాయి. కానీ నాకు అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడేది వాట్సాప్.

ఎదురుగా కూర్చోబెట్టి నిన్న ఏం తిన్నారని అడిగితే "పెద్దగా ఏం లేదండీ, పొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం కొంచెం అన్నం" అంటారు. ఆ కొంచెం ఎంతో దేవుడికే తెలియాలి. అదే వాట్సాప్‌లో కంచం ఫొటో పంపమంటే అన్నం ఎంత, కూర ఎంత, పక్కన ఆవకాయ ఎంత అన్నీ కనబడిపోతాయి. శనివారం రాత్రి ఫొటోలు మరీ ముఖ్యం. "ఒక్కపొద్దు మేడం, రాత్రికి అన్నం ముట్టను" అన్నవాళ్ల కంచంలో పూరీలు, బంగాళాదుంప కూర ఉంటాయి. షుగర్ ఎందుకు దిగడం లేదో అక్కడే అర్థమవుతుంది. ఫొటోకి చిక్కనిది నూనె ఒక్కటే. నెలకు ఎన్ని ప్యాకెట్లు తెస్తారు, ఇంట్లో ఎంతమంది తింటారు అని విడిగా అడగాల్సిందే.

ఇక యూట్యూబ్ చూసి క్లయింట్లు క్యూ కడతారనుకోకండి. నా వీడియోలు ఎక్కువగా నా దగ్గరికి ఇప్పటికే వచ్చినవాళ్ల కోసమే. ఐరన్ మాత్ర టీ, కాఫీలతో వేసుకోవద్దని ప్రతి గర్భిణికీ చెప్పిందే చెప్పే బదులు, ఒకసారి రికార్డు చేసి లింకు పంపితే ఇంట్లో అత్తగారూ చూస్తారు, ఆయనా చూస్తారు. మన దగ్గరికి వచ్చేది తినేవాళ్లు. వండేవాళ్లు చాలాసార్లు వేరే ఉంటారు, మన మాట చేరాల్సింది వాళ్లకి.

కామెంట్లు మాత్రం తప్పకుండా చదవండి. జనం ఈ నెల ఏం నమ్ముతున్నారో ఓపీలోకి రాకముందే అక్కడ తెలిసిపోతుంది. కొబ్బరినూనె డైట్ హవా అలాగే ముందు కామెంట్లలో కనిపించింది. ఇప్పుడు మునగాకు వంతు. పాలకన్నా 17 రెట్లు కాల్షియం అని తిరుగుతున్న మాట ఎండబెట్టిన పొడి 100 గ్రాముల లెక్క. మనం వేసుకునేది చెంచాడు, అంటే మూడు గ్రాములకు మించదు. అందులో 60 మిల్లీగ్రాములుంటే గొప్ప. గ్లాసు పాలలో 240 దాకా ఉంటుంది. ఈ లెక్క చెప్పిన వీడియోకి తిట్లు బాగానే పడ్డాయి, అయినా దాన్ని తీసేయలేదు. మునగాకు కూరగా వండుకోండి, చాలా మంచిదే. ఇలాంటి అంకెలకు గూగుల్ మీద ఆధారపడకండి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికల్లో 528 ఆహారాల వివరాలున్నాయి, అదే సంస్థ 2024లో ఆహార మార్గదర్శకాలూ ఇచ్చింది. ఈ రెండూ దగ్గర ఉంచుకుంటే కంటెంటుకు కొదవుండదు.

"థైరాయిడ్ ఉంది, ఏం తినాలి?" లాంటి కామెంట్లకు డైట్ రాసివ్వొద్దు. అడిగిన మనిషికి ఇంకేం జబ్బులున్నాయో మనకు తెలియదు. కొబ్బరినీళ్లు మంచివి అని ఒక్క ముక్క రాస్తాం. చదివినాయనకు కిడ్నీ సమస్య ఉంటే వాటిలోని పొటాషియం ప్రమాదం. బీపీకి మంచిదని కొనే తక్కువ సోడియం ఉప్పుతోనూ ఇదే తంటా, సోడియం బదులు అందులో కలిపేది పొటాషియం క్లోరైడే.

కాస్త ఫాలోయింగ్ రాగానే ప్రోటీన్ పొడుల వాళ్లు మెసేజ్ పెడతారు. డబ్బు తీసుకుంటే ఆ సంగతి స్పష్టంగా చెప్పాలి, కేంద్ర ప్రభుత్వం 2023 ఆగస్టులో ఇచ్చిన నిబంధనల ప్రకారం మీ అర్హత కూడా వెల్లడించాలి. నేనైతే ఒప్పుకోను. రేపు అదే పొడి పేషెంటుకు వద్దని చెప్పాల్సివస్తే నోరు పెగలదు. దీనికి పూర్తి ఎదురు దారిలో నడిచినవాళ్లూ మన ఊళ్లోనే ఉన్నారు. పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు తీపి పానీయాలకు ఓఆర్‌ఎస్ (విరేచనాలప్పుడు తాగించే ద్రావణం) అని పేరుపెట్టి అమ్మడం మీద ఏళ్ల తరబడి వీడియోలు చేశారు, కోర్టుకూ వెళ్లారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడకూడదంది. ఆవిడ న్యూట్రిషనిస్టు కాకపోయినా, ఫోన్‌తో ఏం చేయొచ్చో చూడాలంటే నేను ఆవిడనే చూపిస్తాను.

మీ ప్రశ్నకు వస్తే, ముందు ఆసుపత్రిలో చేరండి. డయాలసిస్ వార్డులో, ఐసీయూలో ట్యూబ్ ఫీడింగ్ దగ్గర నిలబడి నేర్చుకున్నాకే కెమెరా ముందు కూర్చోండి. ఛానల్ పెట్టాక "ముందు, తర్వాత" ఫొటోల జోలికి మాత్రం పోకండి. అడిగితే క్లయింట్లు మొహమాటానికి సరే అంటారు, చుట్టాలు చూశాక ఫోన్ చేసి తీసేయమంటారు. ఈలోపు అది ఎన్ని గ్రూపుల్లో తిరిగిందో ఎవరికీ తెలియదు.