టారో కార్డుల పేరుతో ఫోన్‌లో గుంజిన డబ్బు తిరిగి వస్తుందా?

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. మాది కావలి. ఇంట్లో మిషను కుడతాను. మా అమ్మాయికి సంబంధాలు వచ్చినట్టే వచ్చి తప్పిపోతున్నాయి. ఫోన్‌లో టారో కార్డులు చూసి జోస్యం చెప్పే యాప్ ప్రకటన కనబడితే ఫోన్ చేశాను. మొదటి ఐదు నిమిషాలు ఉచితం, తర్వాత నిమిషానికి 30 రూపాయలు. వాలెట్‌లో విడతలుగా 4,300 వేశాను. తర్వాత ఆ కార్డులు చూసే ఆమె తన సొంత నంబరు ఇచ్చింది. మా ఆయన పేరు మీద మృత్యువు కార్డు పడిందని, అమావాస్యలోపు పూజ చేయించకపోతే గండమని చెప్పింది. భయపడి యూపీఐలో ఒకసారి 11,000, ఇంకోసారి 25,000 పంపాను. రెండోది పంపి 18 రోజులైంది. ఇప్పుడు మరో 50,000 ఇవ్వకపోతే పూజ మధ్యలో ఆపేస్తానని, అమ్మవారి ఆగ్రహం మా ఇంటి మీద పడుతుందని, నా మాటల రికార్డింగులు మగపెళ్లివారికి పంపుతానని అంటోంది. మా ఆయనకు తెలియదు. పోలీసుల దగ్గరికి పోతే ‘నువ్వే కదా పంపింది’ అంటారేమో?

జవాబు: అమ్మా, ఆ 50,000 పంపొద్దు. పంపితే బెదిరింపు ఆగదు, మొత్తం పెరుగుతుంది.

‘నువ్వే కదా పంపింది’ అన్న మాటకు భయపడాల్సిన పని లేదు. మోసం అంటేనే అవతలివాళ్లు అబద్ధం చెప్పి మన చేత్తోనే డబ్బు ఇప్పించుకోవడం. భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ చెప్పేది అదే. 318(4) కింద ఏడేళ్ల దాకా జైలు, జరిమానా ఉంటాయి. కార్డులు నిజం చెబుతాయా లేదా అన్నది కోర్టు తేల్చదు. ఏం చెప్పి ఎంత తీసుకున్నారు, చెప్పినవాళ్లకు అది అబద్ధమని తెలుసా అన్నదే చూస్తుంది. టారోలో 78 కార్డులుంటాయి. మృత్యువు కార్డు 13వది. ఒక దశ ముగిసి ఇంకొకటి మొదలవుతుందని దానికి అర్థం చెబుతారు, మనిషి పోతాడని కాదు. పైగా ఫోన్‌లో ఏ కార్డు తీశారో మీరు చూడలేదు. ఈ రెండు సంగతులూ ఫిర్యాదులో రాయండి, ఆమె దురుద్దేశం చూపడానికి పనికొస్తాయి.

50,000 కోసం చేస్తున్న బెదిరింపు వేరే నేరం. డబ్బు గుంజడానికి భయపెడితే చాలు, ఇవ్వకపోయినా 308(3) వర్తిస్తుంది, రెండేళ్ల దాకా శిక్ష. పూజ ఆపి దైవాగ్రహం తెప్పిస్తానన్న మాటకు 354వ సెక్షన్ ఉంది, ఏడాది దాకా శిక్ష. దీని గురించి చాలామందికి తెలియదు. ఆమె మాటలను మీ సొంత మాటల్లోకి మార్చకుండా, ఉన్నవి ఉన్నట్టు రాయండి.

ఈ రోజే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో నమోదు చేయండి. ప్రతి చెల్లింపుకూ 12 అంకెల యూటీఆర్ (లావాదేవీ గుర్తింపు) నంబరు, తేదీ, సమయం, అవతలి యూపీఐ ఐడీ దగ్గర పెట్టుకోండి. పోర్టల్ ఇచ్చే ఫిర్యాదు నంబరు రాసుకోండి. డబ్బు పంపిన గంటల్లో చెబితే అవతలి ఖాతాలో అది ఆగిపోయే అవకాశం ఎక్కువ. 18 రోజులకు చేతులు మారిపోయి ఉండొచ్చు. అయినా ఆ ఖాతా హోల్డ్‌లో పడితే అందులో మిగిలింది కదలదు. బ్యాంకుకూ రాతపూర్వకంగా తెలియజేయండి. కానీ బ్యాంకే కట్టివ్వాలని వాదిస్తూ రోజులు పోగొట్టుకోవద్దు. మూడు పనిదినాల్లో చెబితే నష్టం మన మీద పడదని రిజర్వ్ బ్యాంక్ 2017 జులైలో చెప్పిన రక్షణ మీకు తెలియకుండా జరిగిన లావాదేవీలకే. మీరు పిన్ కొట్టి పంపిన వాటికి అది రాదు.

ఆధారాల దగ్గరే చాలా కేసులు చెడిపోతాయి. సిగ్గుపడి వాట్సాప్ చాట్ చెరిపేస్తారు, లేదా పాత ఫోన్ అమ్మేస్తారు. మీరు చాట్ ఎక్స్‌పోర్ట్ చేయండి, మాయమయ్యే సందేశాల సెట్టింగ్ ఆపేయండి, స్క్రీన్‌షాట్లలో నంబరు, తేదీ కనబడేలా చూడండి. ఆ తర్వాతే బ్లాక్ చేయండి. కోర్టులో వీటికి భారతీయ సాక్ష్య అధినియమం 63(4) కింద సర్టిఫికెట్ కావాలి. అందుకే అసలు ఫోన్‌ను అలాగే ఉంచండి.

పోలీస్ స్టేషన్‌లోనూ ఫిర్యాదు ఇచ్చి, ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా అడిగి తీసుకోండి. నమోదు చేయకపోతే నెల్లూరులో ఎస్పీ గారికి ఆ ఫిర్యాదును పోస్టులో పంపండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు.

ఇక వాలెట్‌లో వేసిన 4,300. చెప్పింది జరగలేదని ఇది మొత్తం తిరిగి రాదు, మీరు మాట్లాడిన సమయానికి కట్టారు. లెక్కలో తేడా ఉంటే మాత్రం వదలొద్దు. ఫోన్ కాల్ లాగ్, వాలెట్ లెక్క పక్కపక్కన పెట్టండి. మొదటి కాల్ 22 నిమిషాలనుకుందాం. ఐదు ఉచితం పోను 17 నిమిషాలకు 510 తీయాలి. 660 తీసి ఉంటే ఉచితమన్నది అబద్ధం, అది అనుచిత వ్యాపార పద్ధతి. వాడని బ్యాలెన్స్ కూడా అడగండి. యాప్‌లో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు మెయిల్ పెట్టండి. ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. ‘వినోదం కోసమే’ అని షరతుల్లో ఎక్కడో రాసి, ప్రకటనలో మాత్రం ‘తప్పక ఫలితం’ అన్నారా? ఆ ప్రకటన స్క్రీన్‌షాట్ తీయండి. పూజ డబ్బు 36,000 యాప్ బయట వెళ్లింది కాబట్టి కంపెనీ చేతులు దులుపుకోవచ్చు. ఆమె నంబరు ఇచ్చింది యాప్ చాట్‌లోనే అయితే ఆ పేజీ బలమైన ఆధారం.

నెలలో తేలకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పండి, తర్వాత నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయండి. కంపెనీ ఎక్కడున్నా మీరు ఉన్న చోట వేయొచ్చు. గడువు రెండేళ్లు, 5 లక్షల లోపు చెల్లింపులకు ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. కావాలంటే, ఆదాయంతో పని లేకుండా మహిళలకు న్యాయ సహాయం ఉచితం. 15100కి ఫోన్ చేయండి.

యూపీఐ యాప్‌లో ఆటోపే (డబ్బు దానంతటదే కట్ అయ్యే ఏర్పాటు) కూడా చూడండి. ఉచిత కాల్ కోసం ఒప్పుకున్న మ్యాండేట్ (అలా తీసుకునే అనుమతి) ఉంటే అక్కడే రద్దు చేయండి. యాప్ తీసేసినంత మాత్రాన అది ఆగదు.

మీ ఆయనకు ఈ రోజే మీరే చెప్పండి. రికార్డింగులు బయటపెడతానన్న బెదిరింపుకు సగం బలం ఆయనకు తెలియదన్న దాంట్లోనే ఉంది. ఫిర్యాదు తర్వాత ‘మీ డబ్బు ఇప్పిస్తాం, ముందు ఫీజు కట్టండి’ అని ఎవరైనా ఫోన్ చేస్తే అది రెండో మోసం. ఆ నంబరు కూడా అదే ఫిర్యాదుకు జతచేయండి.