ముందు అంచు చదువు, తర్వాత డబ్బు తీయి

చిరంజీవి చిన్నబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. లండన్ చేరి ఏడాది తిరక్కముందే వేలంపాటల వైపు అడుగులు పడుతున్నాయంటే ఈ పిచ్చి మన ఇంట్లో నాతో ఆగలేదన్నమాట. మీ నాన్న నన్నే తిడతాడు, తిట్టనీ. ఒక బ్రిటిష్ సైనికాధికారివీ, అతని తండ్రివీ, భార్యవీ పతకాలు ఒకే పెట్టెలో అమ్మకానికి వచ్చాయని, కొనమంటారా అని అడిగావు. కొనవద్దనను. కాకపోతే ముందు ఒక పూట తీరిక చేసుకుని చెల్సీలో ఉన్న నేషనల్ ఆర్మీ మ్యూజియానికి వెళ్లు. రాబర్ట్స్ ప్రభువు అనే సేనాని విక్టోరియా క్రాస్ అక్కడుంది, బ్రిటన్‌లో శౌర్యానికిచ్చే అన్నిటికన్నా పెద్ద పతకం అది. ఒక కుటుంబంలోకి పతకాలు ఎలా వస్తాయో తెలుసుకోవాలంటే ఆ ఇంటి కథను మించింది లేదు.

ఫ్రెడరిక్ రాబర్ట్స్ 1832లో కాన్పూరులో పుట్టాడు. సిపాయిల తిరుగుబాటు కాలంలో, 1858 జనవరి 2న ఖుదాగంజ్ దగ్గర ఒక సవారు (గుర్రపు సైనికుడు) ప్రాణం కాపాడి, జెండాతో తప్పించుకుపోతున్న ఇద్దరు సిపాయిలను వెంటాడి దాన్ని లాక్కున్నందుకు అతనికి ఆ పతకం ఇచ్చారు. దాదాపు 42 ఏళ్ల తర్వాత, 1899 డిసెంబర్ 15న, కొడుకు ఫ్రెడ్డీ బోయర్ యుద్ధంలో, దక్షిణాఫ్రికాలోని కొలెన్సో దగ్గర శత్రువుల తూటాల ఎదుట వదిలేసిన ఫిరంగులను వెనక్కి తేబోయి గాయపడ్డాడు. రెండు రోజులకు చనిపోయాడు. అతనికీ విక్టోరియా క్రాసే. దాన్ని విక్టోరియా రాణి తానే ఆ తల్లి చేతికి ఇచ్చింది. తండ్రి ఆ నెలలోనే అదే యుద్ధానికి సర్వసేనానిగా బయలుదేరాడు. ఆ తల్లికీ సొంత పతకం ఉంది: నర్సింగ్ సేవకు ఇచ్చే రాయల్ రెడ్ క్రాస్. నవ్వకు, ఆ ఇంటి గుర్రానికి కూడా ఉన్నాయి. వొనొలెల్ అనే ఆ తెల్ల గుర్రానికి రాణి అఫ్గాన్ యుద్ధ పతకమూ, కాందహార్ నక్షత్రం అనే మరో పతకమూ ఇచ్చింది.

తేదీలు చూసేటప్పుడు కాస్త అనుమానంతో చూడు. చనిపోయినవారికి విక్టోరియా క్రాస్ ఇచ్చే పద్ధతి అప్పట్లో లేదు. 1879లో దక్షిణాఫ్రికాలో జులూలతో యుద్ధంలో ఇసాండ్ల్‌వానా దగ్గర మరణించిన మెల్విల్, కాగ్‌హిల్‌లకు ఆ పతకం ప్రకటించింది 1907లో. ఫ్రెడ్డీ విషయంలో మాత్రం కొన్ని వారాలే పట్టింది. సిఫారసు రాసేనాటికి అతను బతికే ఉన్నాడన్నది నిజమే. తండ్రి పేరు కూడా పనిచేసి ఉంటుందని నా అనుమానం.

అక్కడ నిలబడినప్పుడు మన సంగతీ గుర్తుంచుకో. రాబర్ట్స్ 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యానికి సర్వసేనాని. మన తెలుగువాళ్లు ఎందరో పనిచేసిన సైన్యం అది. కంపెనీ తొలి రోజుల్లో దక్షిణం నుంచి బెంగాలు వెళ్లిన దళాలను బట్టి ఉత్తరాదిలో సిపాయినే ‘తిలంగా’ అనేవారు. అలాంటి దక్షిణాది సిపాయి యుద్ధానికి పనికిరాడని తేల్చినవాడు ఈయనే. ఉత్తరాది ‘వీరజాతుల’నే సైన్యంలో చేర్చుకోవాలన్న వాదానికి ఈయనే పెద్ద దన్ను. ఇది ఏ పతకం మీదా చెక్కి ఉండదు.

ఇక నీ పెట్టె సంగతి. ఒకే ఇంటిపేరున్న పతకాలను ఒకచోట చేర్చి తండ్రీకొడుకులంటూ అమ్మేవారు ఎప్పుడూ ఉంటారు. ఇంగ్లండులో స్మిత్‌లు మన ఊళ్లో రావులంత మంది. కాబట్టి బంధుత్వానికి కాగితం అడుగు: జనన నమోదు, వీలునామా, పెళ్లి పత్రం, ఏదో ఒకటి. భార్యది రాయల్ రెడ్ క్రాస్ అయితే దాని మీద పేరు ఉండదు. అధికారిది శౌర్యానికిచ్చే మిలిటరీ క్రాస్, అదీ పాతకాలపుదైతే దాని మీదా ప్రభుత్వం పేరు వేయలేదు. ఎవరి పతకమైనా ఎవరిదని అయినా చెప్పవచ్చు. అందుకే పతకాలు ప్రకటించే ప్రభుత్వ పత్రిక లండన్ గెజెట్ వెతుకు, ఇంట్లో కూర్చునే ఉచితంగా చూడవచ్చు. మొదటి ప్రపంచయుద్ధపు పతకాల కార్డుల నకళ్లు లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో దొరుకుతాయి. అతను భారత సైన్యపు అధికారి అయితే బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు దస్తాలు తీయించు.

మొదటి యుద్ధపు వెండి పతకం అంచు మీద అధికారి హోదా, పేరు మాత్రమే ఉంటాయి, రెజిమెంటు ఉండదు. అది కావాలంటే 1914-15 నక్షత్రం అనే పతకం వెనుక చూడాలి. ఒక పతకం తక్కువైతే ఎవరో కాజేశారని వెంటనే అనుకోకు. జవాన్లకు పతకాలు వాటంతటవే ఇంటికి వచ్చేవి, అధికారులు మాత్రం అర్జీ పెట్టుకోవాలి. పెట్టనివారు ఎందరో. రెండో యుద్ధానికి వస్తే బ్రిటిష్‌వారి పతకాల మీద అసలు పేర్లే వేయలేదు, భారత సైనికుల వాటి మీద వేశారు. సిపాయి పేరు అంచు మీద ఉంటుంది, వాడి కల్నల్ పేరు ఉండదు! తలుచుకున్నప్పుడల్లా నాకు కాస్త సంతోషం.

పెట్టెలో అరచేయంత కంచు ఫలకం ఉంటే అది వేరే. మొదటి యుద్ధంలో మరణించినవారి ఇంటికి పంపినది. అందులో పేరు తప్ప హోదా ఉండదు, జనరలయినా జవానయినా ఒకటే. దాన్ని మిగతావాటి నుంచి విడదీసి అమ్ముతామంటే ఒప్పుకోకు.

అంచును గోటితో తడిమి చూడు. పాత పేరు అరగదీసి కొత్త పేరు చెక్కితే అక్కడ లోహం పలచబడుతుంది. మామూలుగా ఆ గుండ్రటి పతకాల అడ్డుకొలత 36 మిల్లీమీటర్లు. కొలిచే పరికరం వెంట తీసుకెళ్లు. నేను తీసుకెళ్లలేదు. ముప్పై ఏళ్ల కిందట ఒక వ్యాపారి మాట నమ్మి రెండు నెలల జీతం పోసి కొన్నది ఇంటికొచ్చి కొలిస్తే ఒక పక్క మిల్లీమీటరు తక్కువ తేలింది. ఇప్పటికీ బీరువాలో ఉంది, అమ్మబుద్ధి కాదు, చూడబుద్ధి కాదు.

కొన్నాక తోమకు. నా దగ్గరున్న కాందహార్ నక్షత్రం ఒక సిక్కు సిపాయిది. 1880లో కాందహార్ దగ్గర పట్టుకున్న ఫిరంగుల కంచుతో పోసినవి ఆ నక్షత్రాలు. నేను ఊళ్లో లేని రోజు మీ పెద్దమ్మ దాన్ని చింతపండు పెట్టి దీపపు కుందిలా తళతళలాడించింది. నూరేళ్ల నలుపు ఒక్క పూటలో పోయింది. ఆవిడ ఇప్పటికీ అది మంచి పనే అంటుంది.

వేలంలో పాడిన ధర మీద వాళ్ల కమిషనూ పన్నూ కలుస్తాయి. ముందే లెక్క వేసుకో, ఇంటి అద్దె డబ్బు ముట్టుకోకు. ఆదివారం లోపు ప్రతి పతకం ముందూ వెనకా, అంచు చుట్టూ ఫోటోలు తీసి పంపు. రిబ్బన్లు కూడా. రాత్రి తొమ్మిది లోపు ఫోన్ చేస్తే మెలకువగా ఉంటాను.

మీ పెదనాన్న