ఫోర్క్ కొన్నాను, బండికి ఎక్కడం లేదు!

ఈ వారం ఫోన్లను, ల్యాప్‌టాప్‌లను పక్కన పెట్టి సైకిలెక్కుతున్నాను. మౌంటెన్ బైక్ ముందు ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకుని, కుదుపులకు కుంగే భాగం) మార్చడం మీద ఒకేసారి నాలుగు సందేహాలు వచ్చాయి. అడిగినవాళ్లు వేరైనా మొదటి ఇద్దరిదీ ఒకటే బాధ. ప్రకటనలో రాసిన సైజు చూసి కొన్నారు, తీరా బిగించబోతే కుదరలేదు.

ప్రశ్న: నాది 26 అంగుళాల చక్రాలున్న పాత మౌంటెన్ బైక్. రిమ్ బ్రేకులు. 80 మి.మీ. ట్రావెల్ (కుంగే దూరం) ఉన్న ఫోర్క్ నూనె కారి బిగుసుకుపోయింది. సెకండ్‌హ్యాండ్‌లో 120 మి.మీ. ఫోర్క్ ఒకటి కనిపిస్తే కొనేశాను. ఇప్పుడు చూస్తే అది 27.5 చక్రాలకు చేసిందట. దాని గొట్టం పైన సన్నగా, కింద లావుగా ఉంది. చక్రం కూడా పట్టడం లేదు. అడాప్టర్లతో సర్దుకోవచ్చా?

జవాబు: కొన్నిటికి అడాప్టర్లు ఉన్నాయి, ఒకదానికి లేదు. ఆ లేనిదాన్నే ముందు తేల్చుకోండి. అక్కడ కుదరకపోతే మిగతా ఖర్చంతా దండగ.

ఫోర్క్ పైనుండే గొట్టాన్ని స్టీరర్ అంటారు. అది ఫ్రేమ్ ముందున్న హెడ్ ట్యూబ్‌లో దూరి పైకి వచ్చి, హ్యాండిల్‌ను పట్టుకునే స్టెమ్‌లోకి వెళ్తుంది. పాత బండ్లలో చాలావాటికి ఈ గొట్టం పైనుంచి కిందిదాకా ఒకే లావు: 1-1/8 అంగుళం, అంటే 28.6 మి.మీ. మీరు కొన్నది టేపర్డ్ రకం. పైన అదే 28.6 మి.మీ., కిందికి వచ్చేసరికి ఒకటిన్నర అంగుళం. అందుకే సగం దాకా హాయిగా దూరి అక్కడ ఇరుక్కుంటుంది.

పాత ఫోర్క్ తీసి, బేరింగ్ కప్పులు కూడా తట్టి బయటికి తీశాక, హెడ్ ట్యూబ్ కింది రంధ్రం లోపలి వ్యాసం కొలవండి. స్కేలుతో అందాజుగా కాదు, వెర్నియర్ క్యాలిపర్‌తో. 34 మి.మీ. అటూ ఇటూగా వస్తే కథ అక్కడితో సరి. ఒకటిన్నర అంగుళమంటేనే 38 మి.మీ. దాటింది, అది 34లో ఎలా పడుతుంది? లోపల అరగదీయిస్తానని మాత్రం అనకండి. బండి మొత్తంలో ఎక్కువ దెబ్బలు తినే చోటు అదే, దాని గోడను పలచన చేసుకోవడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

44 మి.మీ. వచ్చిందా, మీ అదృష్టం. ఈసీ44/40 అనే కింది కప్పు తెచ్చుకుంటే టేపర్డ్ ఫోర్క్ పట్టేస్తుంది. దీంట్లో బేరింగ్ హెడ్ ట్యూబ్ లోపల కాకుండా దాని కింద బయట కూర్చుంటుంది. ఆ కప్పు వల్ల బండి ముందు భాగం మరో సెంటీమీటరు దాకా లేస్తుందని గుర్తుపెట్టుకోండి, దాని అవసరం ఇప్పుడే వస్తుంది. మీ సమస్య తిరగేసి ఉంటే, అంటే టేపర్డ్ ఫ్రేమ్‌కు పాత తరహా సమాన గొట్టం ఫోర్క్ పెట్టాలంటే, అది చిన్న పని. స్టీరర్ అడుగున బేరింగ్ కూర్చునే రింగు బదులు, లోపల సన్నగా ఉండే రిడ్యూసర్ క్రౌన్ రేస్ వేస్తే చాలు.

ఇక ఎత్తు సంగతి. ఫోర్క్ కొనేవాళ్లంతా ట్రావెల్ అడుగుతారు గానీ, ఫ్రేమ్‌కు తెలిసేది ట్రావెల్ కాదు. చక్రం ఇరుసు మధ్య నుంచి ఫోర్క్ క్రౌన్ (రెండు కాళ్లూ పైన కలిసే చోటు) మీద బేరింగ్ కూర్చునే చోటు దాకా ఉన్న పొడవు. 26 అంగుళాల 80 మి.మీ. ఫోర్క్‌లో అది సుమారు 450 మి.మీ. మీరు కొన్న 27.5 అంగుళాల 120 మి.మీ. ఫోర్క్‌లో సుమారు 510. అంటే 60 మి.మీ. తేడా, ఈసీ44 కప్పు వేస్తే 70. ముందు భాగం ప్రతి 20 మి.మీ. లేచినప్పుడు హెడ్ ట్యూబ్ కోణం సుమారు ఒక డిగ్రీ వాలుతుంది. ఆ లెక్కన మీ బండి మూడు డిగ్రీలకు పైగా వెనక్కి వాలుతుంది. పెడల్స్ రెండు సెంటీమీటర్లు ఎత్తుకు పోతాయి, సీటు కూడా అదే కోణంలో వెనక్కి జారుతుంది. ఎత్తెక్కేటప్పుడు ముందు చక్రం మీద బరువు లేక అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది. మీరు కూర్చున్నాక కొత్త ఫోర్క్ పాతదానికంటే కాస్త ఎక్కువ కుంగుతుంది కాబట్టి తేడా కొంత తగ్గుతుంది, నిజమే. అలాగని 60 కాస్తా సున్నా అయిపోదు. అసలు భయం వేరే ఉంది. పొడవాటి ఫోర్క్ గడ్డపార లాంటిది. ఎంత పొడవైతే ఫ్రేమ్ అతుకుల మీద అంత ఒత్తిడి. 80 మి.మీ. ఫోర్క్ కోసం చేసిన ఫ్రేమ్ హెడ్ ట్యూబ్ దగ్గర పగిలితే, పగిలే ముందు అది మీకు కబురు పెట్టదు.

దీనికి ఒక ఉపాయముంది. చాలా ఎయిర్ ఫోర్కుల్లో (స్ప్రింగు బదులు గాలి ఉండేవి) ట్రావెల్ తగ్గించుకోవచ్చు. కొన్నిట్లో లోపల స్పేసర్లు వేస్తారు, కొన్నిట్లో ఎయిర్ షాఫ్ట్ మార్చాలి. 120ని 80కి దించితే పొడవు కూడా 40 మి.మీ. తగ్గి 470 దగ్గరికి వస్తుంది. అది భరించదగ్గ తేడా. మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఆ అవకాశముందో లేదో చూడండి.

చక్రం విషయంలో మీరు అనుకుంటున్నంత గొడవ లేదు. 27.5 ఫోర్క్‌లో 26 చక్రం తిరుగుతుంది, ఖాళీ ఎక్కువ కనిపిస్తుందంతే. దీనికి తిరగేసింది మాత్రం చేయకూడదు. చిన్న ఫోర్క్‌లో పెద్ద చక్రం పెడితే, ఫోర్క్ పూర్తిగా కుంగినప్పుడు టైరు వెళ్లి క్రౌన్‌కు తగిలి చక్రం టక్కున ఆగిపోతుంది. మీరు హ్యాండిల్ మీద నుంచి ఎగిరిపడతారు. పాత చక్రం పట్టకపోవడానికి కారణం ఇరుసు. మీది 9 మి.మీ. క్విక్ రిలీజ్, ఈ ఫోర్క్ 15 మి.మీ. త్రూ యాక్సిల్ (హబ్ గుండా దూర్చే లావుపాటి ఇరుసు) అయి ఉంటుంది. కొన్ని హబ్‌లకు (చక్రం మధ్య భాగం) చివరి క్యాప్‌లు మారిస్తే సరిపోతుంది. గోళీల బేరింగ్ ఉండే మామూలు పాత హబ్‌కు ఆ సౌకర్యం లేదు. పైగా ఇప్పటి ఫోర్కుల్లో చాలావాటికి రిమ్ బ్రేకులు బిగించే బొడిపెలే ఉండవు. మీ ఫోర్క్‌కు అవి ఉన్నా 27.5 రిమ్‌కు తగ్గ ఎత్తులో ఉంటాయి, మీ రిమ్‌కు అందవు. అంటే డిస్క్ బ్రేకు, డిస్క్ పట్టే హబ్, దానితో కొత్త ముందు చక్రం.

ఇన్ని చెప్పాక నా మాట అడిగితే, మీది 34 మి.మీ. అయినా, 44 అయినా ఆ ఫోర్క్‌ను అమ్మేయండి. 28.6 సమాన గొట్టం, రిమ్ బ్రేకు బొడిపెలు, 26 అంగుళాలు, 80 మి.మీ.: ఈ నాలుగూ ఉన్నది వెతకండి. మెరుపు తక్కువే గానీ ఒక్క పూటలో బిగించుకుని బయల్దేరతారు.

ప్రశ్న: నాకు అన్నీ సరిపోయాయి. కానీ పాత యజమాని స్టీరర్‌ను తన బండికి తగ్గట్టు కోసేశాడు. 165 మి.మీ. మిగిలింది. నా హెడ్ ట్యూబ్ 130 మి.మీ. గొట్టం ముక్క అతికించుకోవచ్చా?

జవాబు: వద్దు. వెల్డింగూ వద్దు, లోపల ఇంకో గొట్టం దూర్చడమూ వద్దు. హ్యాండిల్ చేతిలోకి ఊడి వస్తే పట్టుకోవడానికి ఇంకేమీ ఉండదు.

లెక్క వేద్దాం. హెడ్ ట్యూబ్ 130, హెడ్‌సెట్ (హెడ్ ట్యూబ్ రెండు చివర్లా ఉండే బేరింగుల సెట్టు) కప్పులు బయట ఆక్రమించేది సుమారు 25, స్టెమ్ పట్టు 40. మొత్తం 195. స్టీరర్ స్టెమ్ పై అంచుకు 3 మి.మీ. కింద ఆగాలి కాబట్టి 192 కావాలి. మీకు 27 తక్కువ. మీ హెడ్ ట్యూబ్ 44 మి.మీ. రకమైతే కప్పులు లోపలికి దిగే హెడ్‌సెట్, పొట్టి స్టెమ్ వాడి కొంత రాబట్టవచ్చు. 27 పూర్తిగా రావడం కష్టం. కొన్ని ఫోర్కులకు క్రౌన్, స్టీరర్, పై గొట్టాలు కలిపి ఒకే భాగంగా దొరుకుతాయి, కానీ దాని ఖరీదు చూశాక కొత్త ఫోర్కే నయమనిపిస్తుంది.

కోయని స్టీరర్ ఉన్నవాళ్లకూ ఒక మాట. ఒకసారి నేను స్పేసర్లను (స్టెమ్ కిందా పైనా స్టీరర్‌కు తొడిగే రింగులు) లెక్కలో మరిచిపోయి గీత పెట్టి కోసేశాను. ఆ హ్యాండిల్ ఎత్తుకు నడుం నెలల తరబడి నన్ను తిట్టింది. మొదట పొడవుగానే ఉంచి, మిగిలినంత మేర స్టెమ్ పైన స్పేసర్లు పేర్చి కొన్నాళ్లు తొక్కండి. ఎత్తు కుదిరిందనుకున్నాకే హాక్‌సా బ్లేడు తీయండి.

ప్రశ్న: ఫోర్క్ నేనే మార్చాను. ముందు బ్రేకు పట్టినప్పుడల్లా టక్ టక్ అంటోంది. ఫోర్క్ పాడైందా?

జవాబు: తొంభై పాళ్లు హెడ్‌సెట్ వదులు. ముందు బ్రేకు నొక్కిపెట్టి బండిని ముందుకూ వెనక్కూ ఊపండి. రెండో చేతి వేళ్లు హెడ్ ట్యూబ్ అంచు మీద ఉంచితే ఆ కదలిక, అంటే ఆట, తెలిసిపోతుంది. చాలామంది పైనున్న టాప్ క్యాప్ బోల్టును గట్టిగా తిప్పేస్తారు, స్టెమ్ కదలదు. ముందు స్టెమ్ పక్క బోల్టులు వదులు చేయాలి. అప్పుడు టాప్ క్యాప్‌ను ఆట పోయేంత మేరకే తిప్పి, స్టెమ్‌ను చక్రానికి తిన్నగా చూసుకుని, మళ్లీ పక్క బోల్టులు బిగించాలి. చాలా స్టెమ్‌లకు 5 న్యూటన్ మీటర్లు చాలు, స్టెమ్ మీదే రాసి ఉంటుంది. హ్యాండిల్‌ను పట్టి పట్టి తిప్పాల్సి వస్తే అతిగా బిగించారన్నమాట. ఇంత చేసినా ఆట పోలేదంటే స్టీరర్ స్టెమ్ అంచుతో సమానంగా ఉందేమో చూడండి. అలా ఉంటే క్యాప్ స్టీరర్‌నే నొక్కుతుంది, బేరింగ్‌ను కాదు. పైన ఒక సన్నటి స్పేసర్ వేస్తే సరి.

ప్రశ్న: హెడ్ ట్యూబ్ కోణం మారిందో లేదో ఫోన్‌తో కొలవవచ్చా?

జవాబు: హమ్మయ్య, చివరికి ఫోన్ దగ్గరికి వచ్చాం. కొలవవచ్చు. ఐఫోన్‌లో మెజర్ యాప్‌లోనే లెవెల్ (వాలు చూపించేది) ఉంది, ఆండ్రాయిడ్‌లో ఏ లెవెల్ యాప్ అయినా ఫర్వాలేదు. రెండు టైర్లలో గాలి సరిగా ఉంచి, బండిని సమతలంగా ఉన్న నేల మీద నిలబెట్టి, కవరు తీసిన ఫోన్ పక్క అంచును ఫోర్క్ మెరిసే గొట్టానికి ఆనించండి. వాల్యూమ్ బటన్ లేని అంచు అయితే మేలు. ముందు నేలను కొలిచి, దాని వాలు ఎంతో తీసివేయండి. పాత ఫోర్క్ విప్పకముందే ఒకసారి కొలిచి రాసి పెట్టుకోండి, లేకపోతే తర్వాత దేనితో పోల్చాలో తెలియదు.