కాథలిక్ ప్రాథమిక పాఠశాలల క్రీడల్లో గెలుపుకన్నా నడవడికకు ప్రాధాన్యం ఎందుకు?

ఈ ప్రశ్నకు జవాబు, శరీరాన్నీ ఆత్మనూ విడదీయకుండా మనిషిని సమగ్రంగా చూసే కాథలిక్ బోధనలోనే ఉంది. అమెరికాలో 1930లో షికాగో సహాయ బిషప్ బెర్నార్డ్ షీల్ ప్రారంభించిన కాథలిక్ యూత్ ఆర్గనైజేషన్ పేరుతోనే అక్కడ ఒక్కో బిషప్ పరిధిలోని చర్చి ప్రాంతాలైన అనేక డయోసిస్‌లలో నేటికీ పిల్లల పోటీలు జరుగుతున్నాయి. చాలాచోట్ల ఆట ప్రార్థనతో మొదలవుతుంది. జట్టులోని ప్రతి ఒక్కరినీ కొంతసేపైనా ఆడించాలన్న నియమమూ తరచుగా కనిపిస్తుంది. నా దృష్టిలో అసలు పరీక్ష ఇదే: స్కోరు సమంగా ఉన్న చివరి నిమిషాల్లో, బంతి సరిగా పట్టలేని పాపను కోచ్ బెంచీ మీది నుంచి లేపి ఆటలోకి పంపుతాడా లేదా అన్నదాంట్లో బోధన ఎంతవరకు ఆచరణకు వచ్చిందో తెలిసిపోతుంది. రిఫరీపై కేకలు వేసేది మాత్రం పిల్లలకంటే ఎక్కువగా తల్లిదండ్రులే కాబట్టి, ప్రవర్తనా నియమావళిపై వారిచేత కూడా సంతకం చేయించుకునే లీగులు ఉన్నాయి.