పసుపు పళ్ళెం ఒక్కటే చాలదు

పురుగుల మీద బతికే పరాన్న కందిరీగలను పట్టడానికి అనంతపురం వేరుశనగ చేలో పెట్టిన పసుపురంగు నీళ్ళ పళ్ళేలను మూడు రోజులకు తీస్తే కందిరీగలు కుళ్ళిపోయాయని, ఏది ఏమిటో తేలలేదని మీరు నాకు రాశారు. మన ఎండకు మూడు రోజులా! 24 గంటలకే వడగట్టి 70 శాతం ఆల్కహాలులో వేయండి. నీళ్ళలో రెండు చుక్కల సబ్బు కలపకపోతే చిన్నవి మునగవు.

వెనుక తొడ బాగా ఉబ్బి, అడుగున పళ్ళుంటే చాల్సిడిడే అనే కందిరీగల కుటుంబం అనుకోవచ్చు. ఇక్న్యుమోనిడే కుటుంబంలో సాధారణంగా కనిపించే ముందు రెక్కలోని రెండో రికరెంట్ ఈనె (రెక్కలోని ఒక అడ్డ ఈనె), బ్రాకోనిడే కుటుంబంలో దాదాపుగా ఉండదు. నలుసంత ఉండి, పాదానికి మూడే కణుపులుంటే ట్రైకోగ్రమాటిడే కుటుంబం.

అయితే ఏది దేని మీద బతుకుతుందో పళ్ళెం చెప్పదు. ఆకుముడత పురుగును ఆకుతో సహా తెచ్చి, సీసాకు ఒక్కటే వేసి, మూతికి పల్చటి గుడ్డ కట్టండి; అందులోంచి కందిరీగ వస్తే అది ఆ పురుగు మీదే బతికిందని తెలుస్తుంది. నేను సీసాకు రెండేసి పురుగులు కలిపి ఒక పంటకాలమంతా పోగొట్టుకున్నాను.