ఇంట్లో తెలుగు ఆపొద్దు, అమ్మలూ

యలహంక, బెంగళూరు,
ఆదివారం రాత్రి

చి.ల.సౌ. అమ్మలుకు,

పెద్దమ్మ ఆశీర్వదించి రాసేది. ఫోన్లో చెబుదామంటే రెండు మాటలు కాకముందే నీకు మీటింగ్ వస్తుంది, చెప్పాల్సింది నా దగ్గరే ఉండిపోతుంది. అందుకే కాగితం మీద పెడుతున్నా. తీరిగ్గా చదువు. అల్లుడికీ చూపించు.

మొన్న మారతహళ్లిలో మీ ఇంటికొచ్చినప్పుడు ఒకటి చూసి మనసు కలుక్కుమంది. చిన్నోడు బడి నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా, "అవ్వా, ఈరోజు బస్సులో ఏమైందో తెలుసా" అని మొదలుపెట్టాడు. వంటింట్లోంచి నువ్వు "ఇంగ్లిష్‌లో చెప్పు నాన్నా" అన్నావు. వాడు "టుడే... బస్... ద బస్..." అని ఆగాడు. కాసేపు నా మొహం చూసి, "ఏం లేదులే" అని లోపలికి వెళ్లిపోయాడు. బస్సులో ఏమైందో నాకు ఇప్పటికీ తెలియదు.

పేరెంట్స్ మీటింగ్‌లో టీచర్ "ఇంట్లో ఇంగ్లిషే మాట్లాడండి, లేకపోతే వెనకబడతాడు" అన్నారని తర్వాత నువ్వు చెప్పావు. అందుకే ఈ నెల నుంచి తెలుగు మానేశామన్నావు, వచ్చే నెల నుంచి ట్యూషన్ కూడా అన్నావు. నీ టెన్షన్ నాకు అర్థమవుతుంది. రెండో తరగతిలోనే వెనకబడితే ముందు ముందు ఎలా అన్న భయం ఏ తల్లికైనా ఉంటుంది. కానీ మదనపల్లె చుట్టుపక్కల పల్లెల్లో ముప్పై మూడేళ్లు ఒకటి నుంచి ఐదు తరగతులకు చెప్పినదాన్ని. ఆ అనుభవంతో గట్టిగా చెబుతున్నా: ఇంట్లో తెలుగు ఆపొద్దు. వాడి చదువుకు మీరు ఇవ్వగలిగిన వాటిలో అన్నిటికన్నా పెద్దది అదే.

ఎందుకో చెబుతాను. ఆ సాయంత్రం మీరిద్దరూ వాడితో అన్న మాటలు గుర్తు చేసుకో. "ఈట్ ఫాస్ట్", "కమ్ హియర్", "ఫినిష్ ఇట్". ఇంకేమైనా ఉన్నాయా? నీకు వచ్చింది ఆఫీసు ఇంగ్లిష్. దాంతో క్లయింటుతో గంటసేపు మాట్లాడగలవు. కానీ వాడు "చందమామ మన స్కూటర్ వెంట ఎందుకొస్తున్నాడు" అని అడిగితే, అదే ఇంగ్లిష్‌లో పది నిమిషాలు కబుర్లు చెప్పగలవా? తెలుగులో చెప్పగలవు, మీ అమ్మ నీకు చెప్పింది కాబట్టి. భాష మార్చగానే మీ ఇంట్లో మాటలే తగ్గిపోయాయి. ఏడేళ్ల పిల్లాడి బుర్ర పెరిగేది ఆ మాటలతోనే.

తడిబట్ట ఎండలో తొందరగా ఎందుకు ఆరుతుంది, వానాకాలంలో బాల్కనీలో రెండు రోజులైనా ఎందుకు ఆరదు, ఫ్యాన్ కింద వేస్తే ఎందుకు ఆరుతుంది అని బట్టలు ఆరేస్తూ వాడితో మాట్లాడావనుకో. నాలుగైదేళ్ల తర్వాత పుస్తకంలో 'ఎవాపరేషన్' అని వచ్చినప్పుడు, తెలిసిన సంగతికి అది మరో పేరు అవుతుంది. సంగతే తెలియని పిల్లాడికి అది బట్టీ కొట్టాల్సిన స్పెల్లింగు. కనీసం ఐదో తరగతి వరకు వీలైన చోటల్లా ఇంటి భాషలోనే బోధించాలని 2020 జాతీయ విద్యా విధానం కూడా చెబుతోంది. మీ బడి ఇంగ్లిష్ మీడియం, దాన్ని మార్చమని నేననను. ఇంగ్లిష్ పని బడి చూసుకుంటుంది, సాయంత్రం మీరు దానికి పదిహేను నిమిషాలు తోడుంటే చాలు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

బడి నుంచి రాగానే "ఈరోజు ఏం చెప్పారు" అని అడగొద్దు. "ఏం లేదు" అనే అంటాడు. బస్సులో పక్కన ఎవరు కూర్చున్నారు, డబ్బాలో ఎవరేం తెచ్చారు, ఎవరికి దెబ్బ తగిలింది అని అడుగు. చెప్పేటప్పుడు మధ్యలో తప్పులు దిద్దకు. "ముందు ఏమైంది, ఆ తర్వాత?" అని మాత్రం అందిస్తూ ఉండు. 'ఎందుకంటే', 'అందుకని', 'ఒకవేళ' అనే మాటలు వాడి నోటి నుంచి వస్తున్నాయా అని గమనించు. జరిగిందాన్ని వరసగా, కారణంతో సహా చెప్పగలిగిన పిల్లాడు రేపు ఏ భాషలోనైనా పేరా రాయగలడు. మా బడిలో ఈ తేడా ఏటా చూశాను. ఇంట్లో అవ్వాతాతలతో వాగుతూ పెరిగిన పిల్లలు అక్షరాలు కాస్త ఆలస్యంగా పట్టుకున్నా, మూడో తరగతికొచ్చేసరికి పాఠం అర్థం చేసుకోవడంలో ముందుండేవాళ్లు.

ఇక ఇంగ్లిష్ చదవడం. ఆరోజు వాడి పక్కన కూర్చుని రీడర్ చదివించాను. బొమ్మ చూసి ఊహిస్తున్నాడమ్మా, అక్షరాలు చూడటం లేదు. ఇది వాడి తప్పు కాదు. తెలుగులో 'క' అన్న అక్షరం పేరూ 'క'నే, శబ్దమూ 'క'నే. ఇంగ్లిష్‌లో పేరు వేరు, పలుకు వేరు. మనం "సీ, ఏ, టీ, క్యాట్" అంటాం. సీ, ఏ, టీ కలిపితే క్యాట్ ఎలా అవుతుందో ఆ పిల్లాడికి ఎలా తెలుస్తుంది? బడిలో ఫోనిక్స్ అని చెప్పేది దీని గురించే. పేర్లు పక్కన పెట్టి శబ్దాలు పలికించు: క్, యా, ట్. ఇక్కడ మనవాళ్లందరం చేసే పొరపాటు ఒకటుంది. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి కదా, అందుకే బుక్కు, బస్సు, పెన్ను అంటాం. అదే అలవాటున 'బ్' అనాల్సిన చోట 'బ' అనీ, 'ట్' అనాల్సిన చోట 'ట' అనీ పలుకుతాం. వాడు అవన్నీ కలిపి 'బ్యాట్' బదులు 'బయాట' అంటాడు. పెదవులు మూసి 'బ్' అని అక్కడే ఆపెయ్యాలి. మొదట్లో సాగదీయగలిగిన శబ్దాలతో మొదలయ్యే మాటలు తీసుకో: మ్మ్మ్-యాట్, స్స్స్-అన్. ఇవి నోట్లో తేలిగ్గా కలుస్తాయి. 'సెడ్', 'వాజ్' లాంటివి ఏ పద్ధతికీ లొంగవు, వాటిని వారానికి మూడు నాలుగు చొప్పున చూపుతోనే గుర్తుపట్టించాలి.

రోజూ పదిహేను నిమిషాలు చాలు, కానీ రోజూ. ఎదురుగా కాదు, పక్కన కూర్చో. పంక్తి కింద వాడి వేలే ఉండాలి. ముందు నువ్వు ఒక పేజీ చదువు, అదే పేజీ వాడు చదవాలి. ఆగిపోతే వెంటనే అందించకు. మనసులో ఐదు లెక్కపెట్టు. చాలాసార్లు ఆ ఐదులోపే వాడికే తడుతుంది. అప్పుడు వాడి మొహం చూడు, దాని కోసమే నేను అన్నేళ్లు బడికి వెళ్లాను. ఒక్క పేజీలో ఐదు కన్నా ఎక్కువ మాటలు చదవలేకపోతే ఆ పుస్తకం వాడికి బరువని అర్థం, పక్కన పెట్టి తేలికది తియ్యి. చదివిందే మళ్లీ చదువుతానంటే కాదనకు, చదువులో వేగం వచ్చేది అలాగే.

పుస్తకాలకు పెద్ద ఖర్చేం అక్కర్లేదు. మన బెంగళూరు సంస్థే ప్రథమ్ బుక్స్ వాళ్లది స్టోరీవీవర్ అని ఉంది, ఉచితం. చాలా కథలు తెలుగులో, కన్నడలో, ఇంగ్లిష్‌లో కూడా దొరుకుతాయి, స్థాయిల వారీగా ఉంటాయి. ముందు తెలుగులో నువ్వు చదివి వినిపించు. మర్నాడు అదే కథ ఇంగ్లిష్‌లో తెరిస్తే కథ తెలుసు కాబట్టి వాడికి మిగిలేది మాటలు పట్టుకోవడమే.

కన్నడ టెస్టులో మార్కులు తగ్గాయని అల్లుడు చిన్నబోయాడు. 2015 చట్టం వల్ల కర్ణాటకలో కన్నడ తప్పనిసరి. మొదటి భాషగానో రెండో భాషగానో చదవాల్సిందే. దాన్ని భారం అనుకోకండి. పిల్లాడు పుట్టిన ఊరి భాష, కిందింటి పిల్లలు ఆడుకునే భాష. పైగా తెలుగువాళ్లకు అది పరాయిది కాదు, ఒకప్పుడు రెండిటికీ ఒకటే లిపి. గ, జ, ద, బ, ర, ల చూడు, దాదాపు అవే. తలకట్టు మాత్రం మనది టిక్కు పెట్టినట్టుంటుంది, వాళ్లది అడ్డగీతలా ఉండి చివర వంగుతుంది. బాగా తేడా వచ్చేవి క, త, శ లాంటివి. వాటిని విడిగా అట్టముక్కల మీద రాసి పెట్టు.

మాటలతో ఒక ఆట ఉంది. మన 'ప' చాలా చోట్ల వాళ్ల దగ్గర 'హ' అవుతుంది. పాలు, హాలు. పులి, హులి. పాము, హావు. పండు, హణ్ణు. అనపగింజలు నానబెట్టి పితికిన పప్పును మనం పితికిపప్పు అంటాం, వాళ్లు హితికిద బేళె అంటారు. అన్నం తింటూ "పువ్వు అయితే?" అని అడిగి చూడు, "హూవు" అని వాడే అనేస్తాడు. తెలుగు తెలిసిన పిల్లాడికి కన్నడ సగం వచ్చినట్టే. ఇంట్లో తెలుగు ఆపితే ఆ సగం కూడా పోతుంది. తెలుగు రాయడం మాత్రం ఇప్పుడే మొదలుపెట్టకండి. ఒకేసారి రెండు దగ్గరి లిపులు నేర్పితే తలకట్లు కలిపేస్తాడు. కన్నడ అక్షరాలు కుదిరాక, ఏదో ఒక వేసవిలో నేనే కూర్చోబెట్టి నేర్పిస్తాను.

లెక్కల దగ్గర నాకు ఒక బాధ ఉంది, నీకెప్పుడూ చెప్పలేదు. ఊరి పిల్లలందరికీ ఓపిగ్గా చెప్పిన నేను, మీ అన్న మూడో తరగతిలో ఉన్నప్పుడు రాత్రి దీపం ముందు కూర్చోబెట్టి ఎక్కాలు అప్పజెప్పించేదాన్ని. తప్పితే స్కేలుతో కొట్టేదాన్ని. టీచరమ్మ కొడుకు తప్పకూడదని. పదో తరగతి దాకా వాడు లెక్కల పుస్తకం తెరవాలంటే వణికేవాడు. ఆ వణుకు నేను పెట్టిందే. నీ చేత అది చేయించకూడదనే ఈ ఉత్తరం ఇంత పొడుగు రాస్తున్నా.

చిన్నోడు 13 రాయమంటే 31 రాస్తున్నాడన్నావు. ఇంగ్లిష్‌లో 'థర్టీన్' అన్నప్పుడు మూడు ముందు వినిపిస్తుంది, అందుకే మూడు ముందు రాస్తున్నాడు. తెలుగులో చెప్పు: పదమూడు. పది ముందు, మూడు తర్వాత. పదకొండు నుంచి పంతొమ్మిది దాకా అన్నిటిలోనూ పది ముందే ఉంది. కన్నడలోనూ అంతే, హదిమూరు. ఈ ఒక్క ఇబ్బందికి తెలుగే మందు.

ఇప్పుడు అనపకాయల కాలం. గింజలు వలిచి రాత్రి నానబెట్టి, పొద్దున వాడి చేత పితికించు. వేళ్లకు బలం వస్తుంది, పెన్సిలు పట్టు కుదురుతుంది. పితికిన పప్పు పదేసి కుప్పలుగా పెట్టమను. నాలుగు కుప్పలు, విడిగా రెండు: 42. ఇందులోంచి 17 తియ్యమను. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఒక కుప్ప చెదరగొట్టాలని వాడే కనిపెడతాడు. నోటుబుక్కులో 'బారోయింగ్' అని రాయించేది ఇదే. బండి దగ్గర కూరగాయలు కొనేటప్పుడు పావు, అర, ముప్పావు వాడి చేతే అడిగించు. ఎక్కాలు రెండు, ఐదు, పది ముందు రానీ. ఇరవయ్యో ఎక్కం దాకా అప్పజెప్పించే ట్యూషన్ ఈ వయసులో వద్దు.

హోంవర్కు గురించి గొడవపడకు. 2020లో కేంద్రం ఇచ్చిన స్కూల్ బ్యాగ్ విధానంలో రెండో తరగతి వరకు హోంవర్కే వద్దని, మూడు నుంచి ఐదు వరకు వారానికి రెండు గంటలు మించొద్దని ఉంది. బడి అంతకన్నా ఎక్కువ ఇస్తుంటే, "అరగంట కూర్చున్నాడు, ఇంతవరకు చేశాడు" అని డైరీలో మర్యాదగా రాసి సంతకం పెట్టు. చాలామంది టీచర్లు అర్థం చేసుకుంటారు, వాళ్లకీ పైనుంచి ఒత్తిడి ఉంటుంది. ప్రాజెక్టులు మాత్రం రాత్రి పదకొండుకు నువ్వు కూర్చుని అంటించకు. వంకరగా ఉన్నా వాడిదే పంపు.

పొద్దున ఆరింటికి లేచే పిల్లాడు రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిదికల్లా పడుకోవాలి. ఈ వయసులో 9 గంటల నిద్రకు తక్కువ కాకూడదు. రింగు రోడ్డు ట్రాఫిక్‌లో నువ్వు ఇల్లు చేరేసరికే ఏడున్నర అవుతుందని తెలుసు. ఆ పదిహేను నిమిషాలు అల్లుడు కూర్చోవచ్చు. లేదా పొద్దున బస్సు కోసం నిలబడే చోట కబుర్లు చెప్పుకోవచ్చు.

ఇంకొకటి. బోర్డు మీది మాటలు తప్పుగా ఎక్కిస్తున్నాడంటే తిట్టేముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించు. బి, డి అక్షరాలు తారుమారు చేయడం ఈ వయసులో మామూలే, కంగారు పడకు. ఎనిమిదేళ్లు దాటాక కూడా రోజూ చదివిస్తున్నా అలాగే ఉంటే అప్పుడు చూపిద్దాం, మెదడు, మనసు సమస్యలు చూసే నిమ్హాన్స్ ఆసుపత్రి ఊళ్లోనే ఉంది. పక్కింటి పాపతో మాత్రం పోల్చకు. ఆరోజు నువ్వు అన్నప్పుడు వాడు తల దించుకున్నాడు, నువ్వు చూడలేదు, నేను చూశాను.

వచ్చే శనివారం వస్తున్నా. అనపకాయలు రెండు కిలోలు నేనే తెస్తాను, పెద్ద గిన్నె ఒకటి ఖాళీగా ఉంచు. ఈలోగా ఒక్క పని చెయ్యి. ఈ ఉత్తరం చదివాక వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, ఆరోజు బస్సులో ఏమైందో అడుగు. తెలుగులో అడుగు. అవ్వకు కూడా తెలుసుకోవాలని ఉందని చెప్పు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ